ఆగమమా, ఆదేశమా?



బ్రతుకంతా బడిపిల్లలకు సంధులు, సమాసాలు చెప్పినవాడికి కారు సైలెన్సరుతో ఏమి పని అని నవ్వుకోకండి. దసరాకు హైదరాబాదు నుంచి మా తాడ్వాయికి వచ్చిన మనవడు నన్ను కామారెడ్డిలోని ఒక షెడ్డు ముందు రెండు గంటలు కూర్చోబెట్టాడు. ఈ టపా అక్కడ పుట్టింది.

వాడిది సెకండ్ హ్యాండ్ పోలో జీటీ. దానికి వెడల్పు మూతుల జంట గొట్టాలు బిగించాలని వాడి ముచ్చట. కంపెనీ గొట్టం బంపరు కింద ఒదిగి ఉంటుంది, కొత్తవి ఒదగవు. అందుకని మేస్త్రీ మార్కరుతో గీతలు గీసి, గ్రైండరుతో బంపరును రెండుచోట్ల అర్ధచంద్రాకారంగా కోసేశాడు. కాలిన ప్లాస్టిక్కు వాసన ముక్కుపుటాలను వదలలేదు. చెప్పు పట్టలేదని కాలు కోసుకున్న సామెత నాకు అక్కడ కళ్లకు కట్టింది.

వ్యాకరణంలో ఆగమం, ఆదేశం అని రెండున్నాయి. ఆగమం స్నేహితుడిలా వచ్చి పక్కన చేరుతుంది, ఉన్న అక్షరాన్ని కదల్చదు. ఆదేశం శత్రువులా వచ్చి, ఉన్నదాన్ని తోసేసి ఆ చోట కూర్చుంటుంది. కారుకు తగిలించే అలంకారాలు ఆగమాలైతే నాకు పేచీ లేదు. ఈ కోత మాత్రం అచ్చమైన ఆదేశం. కోసినా అంతటితో పోదు. గొట్టం రబ్బరు పట్టీల మీద వేలాడుతుంది, ఇంజను వణికినప్పుడల్లా ఊగుతుంది. చాలినంత ఎడం లేకపోతే ఆ వేడికి మిగిలిన బంపరూ కరుగుతుంది.

సైలెన్సరు లోపల చిల్లుల గొట్టాలు, గదులు ఉంటాయి. ధ్వని తరంగాలు వాటిలో ఎదురెదురుగా తాకి ఒకదాన్నొకటి అణచుకుంటాయి. ఆ ఏర్పాటును తీసేసిన గొట్టానికి కూడా సైలెన్సరనే పేరు పెట్టి అమ్మడం నామధేయానికే అవమానం! మన దేశంలో కార్ల తయారీలో ధ్వని పరిమితి 74 డెసిబెల్లు. పది డెసిబెల్లు పెరిగిందంటే శబ్దశక్తి పదింతలైనట్టు. కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చకూడదని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే మాట ఖాయం చేసింది. ఆ ఏటి సవరణ ప్రకారం ఒక్కొక్క మార్పుకు ఆరు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. చెబితే మనవడు నవ్వాడు.

"సప్పుడు కాదు తాతా, అది దాని గొంతు" అన్నాడు.

నాకు కోపం రాలేదు. ఎలా వస్తుంది? 1987లో నా రాజ్‌దూత్ సైలెన్సరులోని బఫిల్ నేనే ఊడదీయించాను. ఫర్లాంగు దూరం నుంచే నా రాక తెలిసేది. నేను చేరేసరికి తరగతి అంతా చేతులు కట్టుకుని ఉండేది. అది నా పట్ల భయభక్తులని మురిసిపోయాను. నిజానికి బండి లాగుడు తగ్గింది, పెట్రోలు ఖర్చు పెరిగింది. ఒక సాయంత్రం పక్కింటి బాలింత గుమ్మంలోకి వచ్చి, "సారూ, మీ బండి సప్పుడుకు పిల్ల ఉలికులికి పడుతున్నది" అంది. మర్నాడే బఫిల్ తిరిగి పెట్టించాను. ఒక్క బోల్టు పని.

రాత్రి భోజనాల దగ్గర ఈ కథ చెప్పాను. వాడి నానమ్మ, "పిల్లల్ని లేపింది మీ తాత ఒక్కడే అనుకున్న, ఇప్పుడు వంశమే" అని నవ్వింది. వాడు నవ్వలేదు. "నీది బోల్టు తాతా" అన్నాడు, అంతే. కోసిన ముక్కలు రెండూ వరండాలో ఒక సంచిలో ఉన్నాయి. అతికించవచ్చునట, గీత మాత్రం పోదట.

తెల్లవారుజామున వాడు ప్రయాణమయ్యాడు. వీధిలో స్టార్టు చేయలేదు. న్యూట్రల్‌లో వేసి, నన్ను కూడా ఒక చేయి వేయమని, ఎల్లారెడ్డి రోడ్డు దాకా కారును తోసుకుంటూ వచ్చాడు. అక్కడ తాళం తిప్పాడు. నేను ఇంటికి వచ్చేసరికి మా వీధిలో రెండు ఇళ్లలో దీపాలు వెలిగి ఉన్నాయి.