మందును మోసే ద్రవం

మన పూర్వ వైద్యులు మందు ఇచ్చేటప్పుడు అనుపానం కూడ చెప్పేవారు. ఒకే మాత్రను ఒక రోగికి తేనెతోను, మరొకరికి నేతితోను, వేరొకరికి వేడినీటితోను ఇచ్చేవారు. మందుతో పాటు లోపలికి పోయే ప్రతి పదార్థమూ దేహం మీద తన పని తాను చేస్తుందన్న ఎరుక ఆ ఆచారంలో ఉన్నది. మందులు సీసాలలోకి, సూదులలోకి వచ్చిన తరువాత ఈ ఎరుక మరుగున పడినది. సీసా మీది మందు పేరే మనకు కనబడుతున్నది గాని, దానిని కరిగించి మోసే ద్రవం మాటుననే ఉండిపోతున్నది.

ఈ ద్రవాన్ని మన విజ్ఞానశాస్త్ర పాఠాలు ద్రావణి అంటున్నవి. అట్టి ద్రావణులలో ప్రొపిలీన్ గ్లైకాల్ ఒకటి. రంగు, వాసన లేనిది, కొంచెం తీయనిది, నీటిలో కరగని మందులను కరిగించుకొనగలది. ఎర్రగడ్డలోని మానసిక చికిత్సాలయం వంటి చోట్ల అవసరపడే మందులలోనే దీనికి ఉదాహరణలు కలవు. మూర్ఛను అరికట్టే ఫెనిటాయిన్ సూదిమందు సాంప్రదాయక రూపంలో 40 శాతం ఈ ద్రవమే. ఉద్రేకాన్ని శమింపజేసి, ఆగని మూర్ఛను ఆపే లోరజెపామ్ సూదిమందులో అది సుమారు 80 శాతం. మూర్ఛను మాన్పే మందును మోసే ఈ ద్రవమే మితిమీరినప్పుడు మూర్ఛకు హేతువు కాగలదా? వైద్యశాస్త్రం ఈ ప్రశ్నను నిజంగానే వేసుకొన్నది.

1987లో అమెరికాలోని ఒక బాలవైద్య పత్రికలో ఒక పరిశోధన వెలువడినది. ఒకటిన్నర కిలోకన్న తక్కువ బరువుతో పుట్టిన శిశువులకు రక్తనాళం ద్వారా విటమినులు ఎక్కించేవారు. ఒక రకం మందుతో దినానికి 3 గ్రాముల ప్రొపిలీన్ గ్లైకాల్, మరొక రకంతో 300 మిల్లీగ్రాములు మాత్రమే లోపలికి పోయేది. పది రెట్లు ఎక్కువగా పొందిన శిశువులలో మూర్ఛలు స్పష్టంగా అధికమైనవి. నెలలు నిండని శిశువులకు మూర్ఛ రావడానికి వేరే కారణాలు కూడ ఉండగలవు. కనుక ఒక్క పరిశోధనతో తీర్పు చెప్పరాదు. అయినా ఈ అనుమానానికి ఆధారం కలదు. పెద్దల దేహం ఈ ద్రవంలో సగాన్ని సుమారు 5 గంటలలో వదిలించుకొంటుంది. పసికందు దేహానికి సుమారు 19 గంటలు పడుతుందని 1983లోనే గమనించారు. ఒక మోతాదు పోకముందే మరొకటి వచ్చి చేరితే రక్తం చిక్కబడుతుంది, ఆమ్లం పెరుగుతుంది, మెదడు తల్లడిల్లుతుంది.

శాస్త్రం ఇక్కడ చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. ఫెనిటాయిన్‌ను నీటిలో కరిగే రూపానికి మార్చి ఫాస్ఫెనిటాయిన్‌ను సృష్టించినది; అమెరికా 1996లో దానికి అనుమతి ఇచ్చినది. దానికి ఈ ద్రావణితో పని లేదు. 2017లో యూరోపు ఔషధ సంస్థ దినపరిమితులను సూచించినది: నెలలోపు శిశువుకు కిలో బరువుకు 1 మిల్లీగ్రాము, ఐదేండ్లలోపు బిడ్డకు 50, ఆపైవారికి 500. శిశువుకూ పెద్దవానికీ ఇంత అంతరం ఉన్నప్పుడు, ద్రావణిని లెక్కకురాని వస్తువుగా చూడడం ఎట్లు చెల్లుతుంది?

ఇంతవరకు చెప్పినది శుద్ధమైన ద్రవం సంగతి. కల్తీ అయినదాని కథ మరింత దారుణం. ప్రొపిలీన్ గ్లైకాల్‌కు, గ్లిజరిన్‌కు మారుగానో, వానితో కలిసియో డైఎథిలీన్ గ్లైకాల్ అనే విషం మందులలో చేరుతూ వస్తున్నది. అది ముందు మూత్రపిండాలను చెరుస్తుంది; ముదిరితే మూర్ఛ, అపస్మారక స్థితి, మరణం. 1937లో అమెరికాలో నూరుమందికి పైగా దీనికి బలి అయినారు. 1986లో బొంబాయి జె.జె. ఆసుపత్రిలో 14 మంది మరణించారు. 2022లో గాంబియాలో సుమారు 70 మంది పిల్లల మరణాలు మనదేశపు మందులతో ముడిపడినవి. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా ప్రాంతంలో ఇరవై మందికి పైగా పసివారు చనిపోయారు. వారు తాగిన కోల్డ్రిఫ్ దగ్గుమందులో 48.6 శాతం ఆ విషమే ఉన్నట్లు తమిళనాడు ప్రభుత్వ పరీక్షలో తేలినది. ఉండదగిన గరిష్ఠ పరిమితి 0.1 శాతం!

ఆ అక్టోబరులో తెలంగాణ ఔషధ నియంత్రణ శాఖ ఆ మందును వాడవద్దని హెచ్చరించినది. ఎర్రగడ్డకు కూతవేటు దూరంలో, వెంగళరావునగర్‌లో ఉన్నది ఆ శాఖ కార్యాలయం. హెచ్చరిక మంచిదే. కాని హెచ్చరిక సీసా అంగడికి వచ్చిన తరువాతి మాట. పరీక్ష పీపా కర్మాగారానికి వచ్చిననాటి మాట. ఎగుమతి చేసే దగ్గుమందులకు ప్రభుత్వ ప్రయోగశాల పరీక్షను 2023 జూన్ 1 నుంచి తప్పనిసరి చేశారు. మన ఊళ్ళ బిడ్డలు తాగే మందుల విషయంలోనో, కొందరు తయారీదారులు ముడిపదార్థాలను విడత విడతకూ పరీక్షించడం లేదని 2025 అక్టోబరులో కేంద్ర నియంత్రణాధికారియే పేర్కొన్నారు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మనం రచ్చ గెలవడానికే నియమం పెట్టుకొన్నాము.

చేయవలసినది అసాధ్యమైనది కాదు. ద్రావణి వచ్చిన ప్రతి పీపానూ వాడకముందే పరీక్షించవలెను. పిల్లల మందుల మీద ద్రావణి పేరు, పరిమాణం తెలుగులో కూడ అచ్చు వేయవలెను. పరీక్షాశాలలకు తగినంతమంది రసాయనవేత్తలను నియమించవలెను.

ఇది చదివి మూర్ఛరోగులెవరూ భయపడి మందు మానరాదు. హఠాత్తుగా మానితే మూర్ఛ తిరుగబెడుతుంది. సందేహముంటే వైద్యునే అడుగవలెను. ఉపాధ్యాయులకు మాత్రం ఒక మనవి. ఉప్పునీటితో ద్రావణి పాఠం చెప్పిన నాడు ఒక మందుసీసాను కూడ తరగతికి తీసుకుపోండి. మందు ఏది, దానిని మోసేది ఏది అని పిల్లలచేత అడిగించండి. అడగడం నేర్చిన తరానికి జవాబు దాచడం ఎవరికైనా కష్టమే.