రంగం రేవు నుంచి లక్ష్మీపేట దాకా

మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో పాతవాళ్లకు బర్మాలోని రంగూన్ అంటే తెలీదు, రంగం అంటేనే తెలుసు. పంట పోతే భీమిలిలోనో, విశాఖలోనో ఓడెక్కి కూలికి పోయేవారు. 1931 నాటికి ఆ నగరంలో సగానికి పైగా మనదేశపు వాళ్లే. రేవులో బస్తాలు మోసింది ఎక్కువగా తెలుగు భుజాలే.

1930 మేలో ఆ కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. కంపెనీలు బర్మా వాళ్లను తెచ్చి పని నడిపించాయి. మనవాళ్లతో రాజీ కుదరగానే బర్మా వాళ్లను పొమ్మన్నాయి. మే 26న కత్తులు లేచాయి. వందమందికి పైగా చనిపోయారు, అందులో ఎక్కువమంది తెలుగువాళ్లు. తంపులు పెట్టిన కంపెనీలు మాత్రం చల్లగా ఉన్నాయి.

దాన్ని జాతిసంహారం అనలేం. అది కూలి దగ్గర పుట్టిన గొడవ. భయపడాల్సింది తర్వాతి కథకే. తెల్లదొర మీద న్యాయంగా రావాల్సిన కోపం నల్లకూలీ మీదకు మళ్లింది. ఈ నేల మా జాతిదే, మిగిలినవాళ్లు పైనుంచి వచ్చి పడ్డవాళ్లే అన్న సిద్ధాంతం బలపడింది. 1938లో మళ్లీ అల్లర్లు. 1942లో జపాన్ దండెత్తితే లక్షలమంది కాలినడకన ఇంటిముఖం పట్టారు. వేలమంది అడవుల్లోనే రాలిపోయారు. ప్రాణాలరచేత పట్టుకుని పరిగెత్తే ఆ దారుల్లోనూ తెల్లవాళ్లకొక వరస, మనవాళ్లకొక వరస. 1964లో నే విన్ సైనిక ప్రభుత్వం వ్యాపారాలను జాతీయం చేశాక మరెందరో కట్టుబట్టలతో వచ్చేశారు. విశాఖలో బర్మా క్యాంపు అలా వెలిసిందే.

అల్లరిమూక నాలుగు రోజులకు అలిసిపోతుంది. చట్టానికి అలసట లేదు. బర్మా 1982 పౌరసత్వ చట్టం 1823కు ముందు నుంచి ఉన్న జాతులే అసలు జాతులంది. అక్కడి ముస్లిం జనమైన రోహింగ్యాలు ఆ లెక్కలోకి రాలేదు. 2017 ఆగస్టు నుంచి సైన్యం వాళ్ల ఊళ్లు తగలబెడితే, ఏడు లక్షలమందికి పైగా బంగ్లాదేశ్‌కు పారిపోయారు. 2019 నవంబరులో గాంబియా దేశం బర్మా మీద అంతర్జాతీయ న్యాయస్థానంలో వేసింది జాతిసంహారం కేసే. ఒక్కరోజులో అక్కడికి చేరలేదు. ముందు కడుపుమంట, దానికొక సిద్ధాంతం, ఆ సిద్ధాంతానికొక చట్టం, ఆఖరికి తుపాకీ.

బర్మావాళ్లను తిట్టుకుని ఊరుకుందామా? 2012 జూన్ 12న మన వంగర మండలం లక్ష్మీపేటలో అయిదుగురు దళితులను చంపారు. మడ్డువలస రిజర్వాయరు కోసం సేకరించగా మునగకుండా మిగిలిన భూమి దగ్గర తగాదా. భూమి తగాదాలు మనకు కొత్త కావు. వీళ్లు మనకన్నా తక్కువవాళ్లు, వీళ్లకు భూమేమిటి అనుకోబట్టే చంపడానికి చెయ్యి లేచింది. జాతి గొప్ప అన్నా, కులం గొప్ప అన్నా పని చేసే తీరు ఒకటే.

రంగంలో దెబ్బతిన్నవాళ్ల మనవలం మనం. బతుకుతెరువుకు వలసొచ్చినవాణ్ణి చూపించి, నీ కష్టానికి వీడే కారణమని ఎవరైనా చెబితే, కూలి ఎంతివ్వాలో తేల్చేది ఎవరని ముందు అడగాలి. రంగం రేవులో కత్తి పట్టినవాళ్లు ఆ ప్రశ్న అడగలేదు.

— కదురు, పొందూరు