పిల్లలకు వినిపించదగిన నవల ఏది?

పుస్తకం హస్తభూషణమన్నారు పెద్దలు. అక్షరాలు ఇంకా కూడబలుక్కునే పసివానికీ, కంటిచూపు మందగించిన దాదీమాకూ మాత్రం పుస్తకం కర్ణభూషణం కావాలి. ఇంట్లో చదవగలిగినవారు ఒక్కరుంటే చాలు, ఆ భూషణం పదిమందికి అమరుతుంది. అనేక కుటుంబాలలో ఆ ఒక్కరూ కళాశాల విద్యార్థియే. కనుక పిల్లలకు ఏ నవల చదివి వినిపించాలన్న ప్రశ్న మనకు సంబంధించినదే గాని, ఉపాధ్యాయులకూ తల్లిదండ్రులకూ విడిచిపెట్టి ఊరుకోవలసినది కాదు.

కథ వినడం మనకు కొత్త కాదు. మధిర సుబ్బన్న దీక్షితుల ‘కాశీమజిలీ కథల’లో మణిసిద్ధుడు కాశీకి పోయే దారిలో మజిలీ మజిలీకీ గోపునికి కథ చెబుతాడు. ఉర్దూలో దాస్తాన్‌గోలు ‘తిలిస్మె హోష్‌రుబా’ వంటి గాథలను రాత్రుల తరబడి వినిపించారు. నవలను రోజుకొక ప్రకరణం చొప్పున చదివి వినిపించడం ఈ సంప్రదాయానికి కొనసాగింపే. చిన్నకథ ఒక్క పూటలో ముగుస్తుంది. నవల నెల రోజులు మన ఇంట అతిథిగా ఉంటుంది. “తరువాత ఏమైంది?” అని రేపటికోసం ఎదురుచూసే ఓర్పును అది అలవరుస్తుంది. వేలికొసతో క్షణానికొక బొమ్మను మార్చే సెల్‌ఫోను కాలంలో ఆ ఓర్పు సామాన్యమైనది కాదు.

అయితే నవలను ఎన్నుకునే దగ్గరే పెద్దలు తొట్రుపడుతున్నారు. “ఇందులో నీతి ఉందా?” అన్నదే వారి మొదటి ప్రశ్న, తరచు అదే చివరి ప్రశ్న కూడా. నీతి వద్దనేవారు ఎవరూ లేరు. కాని నీతి ఒక్కటే నవలను నిలబెట్టదనడానికి డిప్టీ నజీర్ అహ్మద్ రచించిన ‘మిరాతుల్ ఉరూస్’ చక్కని నిదర్శనం. 1869లో వెలువడిన ఈ గ్రంథాన్ని ఆయన మొదట తన బిడ్డల చదువు కోసం కొద్దికొద్దిగా వ్రాసి ఇచ్చారు. ఆ తరువాతి కాలంలో ఆయన హైదరాబాదు సంస్థానంలో ఉద్యోగం చేయడం మనకు ప్రీతికరమైన విషయం. ఈ నవలలో అక్బరీ, అస్గరీ అక్కచెల్లెళ్లు. చెల్లెలు సకల సద్గుణరాశి; అక్క గారాబంగా పెరిగి సంసారం చక్కబెట్టుకోలేనిది. రచయిత బోధ అంతా అస్గరీ పక్షానే ఉంది. కాని పిల్లలు ఊపిరి బిగబట్టి వినేది ఆ బోధను కాదు. హజ్జన్ వేషంలో వచ్చిన మోసగత్తె తీయని మాటలతో అక్బరీ నగలు కాజేసే ఘట్టాన్ని వింటారు. ఇంటిని గుల్లచేస్తున్న అజ్మత్ అనే దాసి గుట్టును అస్గరీ ఓపికతో బయటపెట్టే ఘట్టాన్ని వింటారు. మధ్యలో వచ్చే దీర్ఘోపన్యాసాలకు ఆవులిస్తారు. ఢిల్లీ ఇళ్లలోని స్త్రీల సజీవమైన పలుకుబడే ఆ నవలకు ప్రాణం. నీతి ఆ ప్రాణంతో కలిసి వచ్చినప్పుడే మనసుకెక్కుతుంది. ఉపన్యాసాలను కుదించి ఘట్టాలను సమగ్రంగా వినిపించే స్వేచ్ఛ చదివేవారికి ఉండాలని నా అభిప్రాయం.

కనుక మొదటి పరీక్ష చెవి. ఎన్నుకోదలచిన నవలలో ఏదో ఒక పుట తెరిచి పైకి చదివి చూడాలి. కంటికి సొగసుగా కనిపించే సమాసభూయిష్ఠమైన వర్ణన నోటికి బరువు కావచ్చు. మొక్కపాటి నరసింహశాస్త్రి ‘బారిష్టరు పార్వతీశం’ ఈ పరీక్షలో సులువుగా నెగ్గుతుంది. మొగల్తూరు నుండి ఇంగ్లాండుకు బయలుదేరిన యువకుడు తన అవస్థలను తానే చెప్పుకుంటాడు గనుక, చదివేవాడు కాసేపు పార్వతీశమే అయిపోతాడు.

రెండవ పరీక్ష ప్రకరణపు ముగింపు. ఇప్పుడు ప్రచురణ ఆగిపోయిన ‘చందమామ’లో 1954లో మొదలైన దాసరి సుబ్రహ్మణ్యం ‘తోకచుక్క’ వంటి ధారావాహికలు సరిగ్గా ఉత్కంఠ పెరిగిన చోట ఆగి, పిల్లలను నెలంతా నిరీక్షింపజేశాయి. స్టీవెన్సన్ 1881లో ‘ట్రెజర్ ఐలాండ్’ ప్రకరణాలను వ్రాసినవి వ్రాసినట్లు ఇంటివారికి చదివి వినిపించాడు. ఆ శ్రోతలలో బాలుడైన సవతి కొడుకూ ఉన్నాడు, వృద్ధుడైన తండ్రీ ఉన్నాడు. 1883లో గ్రంథరూపం పొందిన ఆ నవలను నండూరి రామమోహనరావు ‘కాంచన ద్వీపం’ పేర తెనిగించారు. పిల్లవానితోపాటు తాతగారు కూడా చెవియొగ్గే నవలయే ఇంటికి తగినది.

దుఃఖాంతమైన కథలు పిల్లలకు వద్దని కొందరంటారు. 1897లో హైదరాబాదులో జన్మించి, 1967లో రాష్ట్రపతి పదవిని అలంకరించిన డాక్టర్ జాకిర్ హుసేన్ పిల్లల కోసమే ‘అబ్బూ ఖాన్ కీ బక్రీ’ని వ్రాశారు. స్వేచ్ఛను కోరి కొండకు పారిపోయిన చాంద్నీ అనే మేక రాత్రంతా తోడేలుతో పోరాడి తెల్లవారేసరికి నేలకొరుగుతుంది. ఇది నవల కాదు, చిన్నకథ. అయినా పిల్లల హృదయం దుఃఖాన్ని భరించలేదన్న వాదానికి ఇదే సమాధానం. వారు భరించలేనిది దుఃఖాన్ని కాదు, అర్థం లేని క్రౌర్యాన్ని.

మూడవ పరీక్ష అన్నింటికంటె కఠినమైనది. అది వింటున్న బిడ్డ గౌరవానికి సంబంధించినది. 1719 నాటి ‘రాబిన్సన్ క్రూసో’లో ఫ్రైడే సేవకుడుగానే మిగులుతాడు. 1884 నాటి ‘హకల్‌బెరీ ఫిన్’లో నల్లజాతివారిని గురించి నీచమైన మాటలు వస్తాయి. మన నవలలలోనూ ముస్లిం పాత్ర వచ్చీరాని తెలుగుతో నవ్వు పుట్టించడానికే ప్రవేశించే సందర్భాలు లేకపోలేదు. పేదవారు, అణగారిన కులాలవారు బంట్లుగానే కనిపించే సందర్భాలూ ఉన్నాయి. తనవారిని చూసి పదిమంది నవ్వుతుంటే ఆ బిడ్డ ఏం చేయాలి? తానూ నవ్వాలా, తల వంచుకోవాలా? అందుచేత ఆ గ్రంథాలను నిషేధించమని నేననను. మనం ముందుగా చదువుకుని రావాలి. అటువంటి చోట ఆగి, “ఇది న్యాయమేనా?” అని పిల్లలనే అడగాలి. అడగడానికి తగిన సమాధానం మనవద్ద లేకపోతే ఆ పుస్తకాన్ని మరొక ఏటికి వాయిదా వేయాలి.

మన విషయంలో మరొక విశేషముంది. ఇంట్లో దక్కనీ పలుకు, బడిలో తెలుగో ఇంగ్లీషో గల తమ్ముళ్లు, చెల్లెళ్లు మనలో ఎందరికో ఉన్నారు. ఉర్దూ విని ఆనందించగలిగీ లిపి చదవలేనివారు కొందరు. తెలుగు మాట్లాడగలిగీ తెలుగు పుట ముందు తడబడేవారు కొందరు. చదివి వినిపించడానికి వినేవారి లిపిజ్ఞానంతో నిమిత్తం లేదు. “అలా వినిపిస్తే వారు చదవడం మానేయరా?” అన్న ఆక్షేపణ రావచ్చు. రుచి చూడని పండు కోసం చెట్టెక్కేవాడెవడు? మంచి ఘట్టం దగ్గర పుస్తకం మూసి వారి ముందే ఉంచితే, మిగిలినది తెలుసుకోవాలన్న ఆరాటమే అక్షరాలను కూడబలికిస్తుంది.

కళాశాల కమిటీవారికి నా మనవి ఇంతే. గ్రంథాలయంలో ఒక అరను ఇటువంటి ఉర్దూ, తెలుగు నవలలకు ప్రత్యేకించండి. వారానికొక సాయంకాలం, అరగంట సేపు, పరిసరాలలోని పిల్లలను ఆహ్వానించండి. ఒక వారం ఉర్దూ, ఒక వారం తెలుగు. చదివే బాధ్యత విద్యార్థులు స్వీకరిస్తారు. ఇందుకు కావలసిన ధనం స్వల్పం. కావలసిన శ్రద్ధ మాత్రం అధికం.

విద్యార్థి మిత్రులారా, ఆ సాయంకాలం కోసం వేచి ఉండనవసరం లేదు. నేటి రాత్రి భోజనాల తరువాత ఒక నవల తెరిచి, ఒక్క ప్రకరణం మీ ఇంట్లో పైకి చదవండి. రేపు పిల్లలే ఆ పుస్తకాన్ని తెచ్చి మీ చేతికిస్తే, మీ ఎన్నిక సరియైనదని గ్రహించండి.