తంపర ఎవరి మాట?

తెలుగు నేల అనగానే మన మనసులో మెదిలేవి గోదావరి, కృష్ణా డెల్టాల వరిచేలు. బరంపురంలో పుట్టి పెరిగే మన పిల్లలకూ ఆ బొమ్మే చూపిస్తూ వస్తున్నాం. వాళ్ల కళ్లెదుట ఉన్న నేల వేరు. పడమట తూర్పు కనుమలు, వాటి దిగువన ఋషికుల్య లోయ, తీరం పొడవునా ఇసుక దిబ్బలు, మొగలి పొదలు, ఉత్తరాన చిలికా. గంజాం తెలుగు బతకాలంటే ఈ నేలలోనే వేళ్లు దిగాలి. ఈ సంచికను గంజాం భూస్వరూపాలకు కేటాయించింది ఆ నమ్మకంతోనే.

ఛత్రపురం పక్కనున్న పెద్ద మంచినీటి సరస్సు పేరు తంపర. శ్రీకాకుళం జిల్లా రైతు నీరు నిలిచే పల్లపు పొలాన్నీ తంపర అనే అంటాడు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు ఈ రెండు చోట్లూ కలిసి ఉన్న పాత గంజాం జిల్లా రెండు ముక్కలైంది. పల్లమూ దాని పేరూ రెండు వైపులా మిగిలాయి. బాహుదా అయితే ఒడిశా కొండల్లో పుట్టి, ఇచ్ఛాపురం మీదుగా ఆంధ్రను తాకి, తిరిగి ఒడిశాలోని సునాపురం దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఛత్రపురం తీరపు ఇసుకలో ఇల్మనైట్, మోనజైట్ దొరుకుతున్నాయంటే, అవి కనుమల రాళ్లు అరిగి యుగాల తరబడి నదుల వెంట దిగివచ్చినవే. కొండ, లోయ, తీరం ఇక్కడ ఒకదానికొకటి చుట్టాలు. పటం మీది గీతతో వాటిని విడగొట్టి చదివితే ఏదీ సరిగా అర్థం కాదు.

భాషను నేలతో ముడిపెట్టడం సరికాదని కొందరంటారు. చెన్నపట్నం పాలన వల్ల, జమీందారీల వల్ల, పట్టునేత చేతబట్టుకుని వలస వచ్చిన దేవాంగుల వల్లే కదా బరంపురంలో తెలుగు నిలిచిందని వారి వాదన. నిజమే. కానీ ఆ పాలనకూ ఆ వలసకూ దారి ఇచ్చింది కొండలకూ కడలికీ మధ్యనున్న సన్నని మైదానం. అది దక్షిణానికి తెరుచుకుని ఉంటుంది. ఉత్తరాన రంభ దగ్గర కొండలు చిలికా అంచు దాకా వచ్చి దారిని ఇరుకు చేస్తాయి. అవతల మహానది డెల్టా వేరే సీమ. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలోనే అశోకుడు కళింగ ప్రజల కోసం ప్రత్యేక శాసనాలను ఒక్కచోట చెక్కించి ఊరుకోలేదు. మహానది వైపు ధౌలిలో, ఋషికుల్య ఒడ్డున జౌగడలో, రెండు చోట్లా చెక్కించాడు. ఈ రెండు సీమల తేడా ఆనాటి పాలకులకూ తెలుసని నేను అనుకోవడానికి ఆధారం అదే.

ఇదంతా పాత సరిహద్దు గాయాన్ని కెలకడమేనన్న భయం కూడా ఉంది. ఆ భయం అక్కరలేదు. తంపర తెలుగుదా, ఒడియాదా అని పంచాయితీ పెట్టడం మన పని కాదు. ఈ నేల ఒడియా వారిది, కొండల మీది సవరలది, కుయి మాట్లాడేవారిది, మనదీ. పర్లాకిమిడి అప్పట్లో గంజాం జిల్లాలోనే ఉండేది. అక్కడ ఉంటూ వాడుక తెలుగు కోసం పోరాడిన గిడుగు రామమూర్తి సవర భాష నేర్చుకున్నారు, దానికి వ్యాకరణం రాసి 1931లో వెలువరించారు. సొంత భాష మీద ప్రేమ పక్కవాడి భాషను కాదనదని చెప్పడానికి మన జిల్లాలో ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

తంపర లాంటి నేల పేర్లన్నీ మాండలికాలు, బడిలో పనికిరావనే వారికి ఒక్క ప్రశ్న. గోపాలపురం తీరంలో వేటకు వెళ్లే తెలుగు జాలరులు గాలికీ అలకూ పెట్టుకున్న పేర్లు ఏ వాచకంలోకి ఎక్కాయి? 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను తీరం దాటింది వాళ్ల గడప ముందే. ఆ ఇళ్ల పిల్లలకు ఆ మాటలు తెలియకపోతే అది కేవలం భాషా నష్టం కాదు. అందుకే పాఠకులను అడుగుతున్నాం: మీ ఊరి దిబ్బకూ, వాగుకూ, పల్లానికీ, గాలికీ పెద్దలు వాడే పేరు రాసి పంపండి. ఆ చోటు ఎక్కడుందో కూడా రాయండి. ఒడియా పేరు తెలిస్తే పక్కనే అదీ రాయండి.