పట్టా లేని గోడల మీద పింఛను ఆశలు

సింగరేణి ప్రాంతంలోని మన పెద్దలు ఒక మాటను ఫత్వా అంత బలంగా పాతుకుపోనిచ్చారు. కిరాయి హలాల్, షేరు జూదం. రామకృష్ణాపూర్‌లో మూడు దశాబ్దాలు గని దిగి, గ్రాట్యుటీ, ప్రావిడెంట్ ఫండ్ సొమ్ము అందుకున్న ప్రతి సోదరునికీ మస్జిద్ మెట్ల మీద దొరికే సలహా ఇదే: "బ్యాంకులో వేస్తే సూద్, షేర్లలో పెడితే జూదం, నాలుగు గదులు కట్టి కిరాయికిచ్చుకో భాయ్." ఈ సలహాలో సగం నిజమున్నది. మిగిలిన సగం మన కుటుంబాలను ముంచుతున్నదని మేము అంటున్నాము.

గని కార్మికుడు ఎందుకు ఆదాయం వెదుక్కుంటాడో ముందు చూడాలి. 1998లో వచ్చిన బొగ్గు గనుల పింఛను పథకం కింద వచ్చే పింఛనుకు కరువు భత్యంతో ముడి లేదు. ధరలు పెరుగుతాయి, పింఛను పెరగదు. కనుక 20 లక్షల గరిష్ఠ పరిమితి గల గ్రాట్యుటీ సొమ్మే మిగిలిన జీవితానికి ఆధారం. దానిని ఒక్కసారి తప్పు చోట పెడితే రెండోసారి సంపాదించే వయసు ఉండదు.

ఇక కిరాయి గదుల సంగతి. రామకృష్ణాపూర్‌లోనూ, చుట్టుపక్కల బొగ్గు పట్టణాలలోనూ ఎన్నో ఇళ్లు సింగరేణి ఆధీనంలోని భూమి మీదనే లేచినవి. సంస్థ ప్రభుత్వానికి అప్పగించిన భూములలో ఇళ్లు కట్టుకున్న వారికి హక్కు పత్రాలిచ్చేందుకు జీవో 76 వచ్చింది. అది అందినవారు అదృష్టవంతులు. అందనివారి చేతిలో ఉన్నదేమిటి? కరెంటు బిల్లు, ఇంటి పన్ను రసీదు, తెల్లకాగితం మీద రాసుకున్న కొనుగోలు పత్రం. సర్కారు కార్యాలయంలో కాగితాల మధ్యనే ఉద్యోగ జీవితం గడిపిన మేము గట్టిగా చెప్పగలము: పన్ను రసీదు యాజమాన్య పత్రం కాదు. షేరు కాగితంలో జూదాన్ని వెదికే మన పెద్దలు, తెల్లకాగితం మీద కొన్న జాగాలో ఇరవై లక్షలు పోసే సోదరుణ్ణి "పట్టా ఏది?" అని ఒక్కసారైనా అడిగారా?

కిరాయిదారులు ఎవరన్నది మరో ప్రశ్న. 1990ల ఆరంభంలో లక్షకు పైగా ఉన్న సింగరేణి కార్మికుల సంఖ్య నేడు దాదాపు నలభై వేలకు దిగింది. భూగర్భ గని వందల మందిని అడిగితే, ఓపెన్‌కాస్టు యంత్రాలను అడుగుతుంది. మన గదుల్లో దిగుతున్నవారిలో అధికులు కాంట్రాక్టు కార్మికులు. కాంట్రాక్టు మారితే సామాను సర్దుకుంటారు. ఇరవై లక్షలతో రెండు వాటాల ఇల్లు కట్టి, ఒక్కో వాటాకు నెలకు 3,500 కిరాయి వచ్చిందనుకుందాం. ఏడాదికి 84,000. ఖాళీగా ఉన్న నెలలు, సున్నం, బోరు మోటారు, ఇంటి పన్ను తీసివేస్తే డెబ్బై వేలు మిగిలితే గొప్ప. అంటే నూటికి మూడున్నర. పైగా బొగ్గు తరిగే ఊరిలో జాగా ధర పెరుగుతుందన్న భరోసా ఎవరిస్తారు?

మేము సొంత ఇంటికి వ్యతిరేకులము కాము. కంపెనీ క్వార్టరు హోదాను బట్టి దక్కుతుంది, మతాన్ని బట్టి కాదు. క్వార్టరు ఖాళీ చేసి బయట ఇల్లు వెదికిన నాడే మన పేరు మనకు అడ్డం వస్తుంది. "మీవాళ్లకు ఇవ్వము" అన్న మాట విన్న కుటుంబం తలదాచుకునే ఇల్లు కట్టుకోవడం అవసరం, ఆత్మగౌరవం. ఆ ఇంటిని దాటి, మిగిలిన ప్రతి రూపాయినీ కిరాయి గదులలోనే పూడ్చడం గురించే మా అభ్యంతరం.

షేరు అంటే వ్యాపారంలో వాటా. పొద్దున కొని సాయంత్రం అమ్మే ఆటను జూదమంటే మేమూ ఔనంటాము. సంవత్సరాల తరబడి ఉంచుకుని లాభంలో వాటా తీసుకోవడం వేరు. ఉలమాలలో భేదాభిప్రాయమున్నది, నిజమే. అనుమతించినవారు షరతులు పెట్టారు: వ్యాపారం హలాల్ కావాలి, వడ్డీ అప్పు ఒక హద్దు దాటరాదు, హరాం రాబడి నూటికి ఐదు మించరాదు, ఆ మేరకు డివిడెండులోంచి తీసి దానం చేయాలి. మన సింగరేణి షేరు బజారులో దొరకదు. 51 శాతం రాష్ట్రానిది, 49 శాతం కేంద్రానిది. మన తండ్రులు తవ్విన బొగ్గు డివిడెండు సర్కార్ల ఖజానాకే పోతుంది. కోల్ ఇండియా మాత్రం 2010లో 245 రూపాయలకు షేరు అమ్మింది. 2014 జనవరిలో షేరుకు 29 రూపాయల డివిడెండు ఇచ్చింది. 2019-20లో 12 మాత్రమే. 2020లో షేరు ధర కొన్న ధరలో సగానికి పడింది. ఇది దాచము. డివిడెండు హామీ కాదు, పెద్ద కంపెనీలలో సగటున అది కిరాయి కంటే తక్కువే. అయినా అక్కడ యాజమాన్యం రుజువైనది, అవసరమైనంతే అమ్ముకోవచ్చు. ఆసుపత్రి ఖర్చు కోసం ఒక గది గోడను అమ్ముకోగలమా?

ఈ సందిగ్ధంలోనే దోపిడీదారులు చొరబడ్డారు. "హలాల్ లాభం" పేరుతో నెలనెలా రాబడి ఆశ చూపిన బెంగళూరు ఐఎంఏ 2019లో కూలింది. హైదరాబాదు హీరా గోల్డ్ అధినేత్రి 2018లో అరెస్టయ్యారు. సర్కార్లు ఏం చేశాయి? స్టేట్ బ్యాంకు వారి షరియా ఫండు 2014 డిసెంబరులో మొదలు కావలసి ఉండగా నిలిచిపోయింది. వడ్డీ లేని బ్యాంకింగు ప్రతిపాదనను ముందుకు తీసుకుపోరాదని రిజర్వు బ్యాంకు నిర్ణయించినట్లు 2017లో వెల్లడైంది. సక్రమమైన తలుపులు మూసి, మోసగాళ్ల తలుపులు తెరచి ఉంచిన పాపంలో పాలకులకు వాటా ఉన్నది.

మమ్ములను అన్నిటికంటే బాధించేది ఆడపిల్లల సంగతి. భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉన్నవాడు 800 షేర్లు వదిలిపోతే, షరీఅత్ లెక్కన భార్యకు 100, కొడుకులకు 280 చొప్పున, కూతురికి 140. ఒక పూటలో తేలిపోయే లెక్క. నామినీగా పెద్దకొడుకు పేరున్నంత మాత్రాన అన్నీ అతనివి కావని సుప్రీంకోర్టు 2023 డిసెంబరులో శక్తి యెజ్దానీ కేసులో స్పష్టం చేసింది. అదే నాలుగు గదుల ఇల్లైతే, నలభై భాగాలలో ఏడు భాగాల గీత ఎక్కడ గీస్తారు? గీయరు. పండుగకు పుట్టింటికి వచ్చిన బిడ్డను కూర్చోబెట్టి "హక్కు మాఫ్ చేయి బేటీ" అని సంతకం పెట్టించుకుంటారు. వడ్డీకి వణికే ఇంట్లో అల్లాహ్ నిర్ణయించిన వాటాను మింగడానికి వణుకు లేదు.

మా జమాఅత్ పెద్దలను మేము కోరేది ఒక్కటే. గ్రాట్యుటీ సొమ్ముతో వచ్చే సోదరుణ్ణి సలహాకు ముందు మూడు ప్రశ్నలు అడగండి: ఆ జాగాకు పట్టా ఉన్నదా, ఆ గదిలో పదేళ్ల తర్వాత ఎవరుంటారు, నీ కూతురి వాటా ఎక్కడ? జవాబు లేనివాణ్ణి ఇటుకలు కొననివ్వకండి.