అమ్మకానికి పెట్టిన ఇంటికి పండగ వద్దా?

సంక్రాంతి వచ్చిందంటే పల్లెటూళ్ళలో పండగతోపాటు బేరాలూ మొదలవుతాయి. పట్నాల్లో స్థిరపడ్డవాళ్ళు సొంత ఊరికి వచ్చేది ఆ నాలుగు రోజులే గనుక ఇళ్ళూ పొలాలూ చూసుకునేదీ అప్పుడే. పుష్యం శూన్యమాసమని రిజిస్ట్రేషను మాఘానికి వాయిదా వేసుకున్నా, చూపులు మాత్రం పండగలోనే అయిపోతాయి. మరి అమ్మేసే ఇంటికి ముస్తాబు అవసరమా?

ఇది నాకు పుస్తకాల్లో ఎదురైన ప్రశ్న కాదు. కృష్ణా డెల్టాలోని మా పెంకుటిల్లు ఈ ఏడు అమ్మకంలో ఉంది. కౌలు సేద్యంలో పేరుకున్న అప్పు తీరడానికి మాకు మరో దారి కనిపించలేదు. "పోయే ఇంటికి సున్నం దండగ" అంటారు మా నాన్నగారు. మధ్యవర్తి ధోరణి వేరు. "వెనక గోడకి రెండు కోట్లు ప్లాస్టిక్ పెయింటు కొట్టించండి. చెమ్మ కనపడదు, రేటు పలుకుతుంది" అంటాడు. పెద్దల్ని కాదంటున్నాననుకోకపోతే, నా ఉద్దేశంలో ఇద్దరి లెక్కా సరైంది కాదు.

ముందు మధ్యవర్తి సంగతి చూద్దాం. సున్నం అంటే కాల్షియం హైడ్రాక్సైడ్. అది గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి కాల్షియం కార్బొనేట్‌గా గట్టిపడుతుంది. ఆ పూతలో సన్నని రంధ్రాలుంటాయి గనుక గోడలోని తేమ ఆవిరై బయటికి పోగలదు. ప్లాస్టిక్ పెయింటు పొర ఆ తేమను లోపలే బంధిస్తుంది. వానాకాలం వచ్చేసరికి గోడ బొబ్బలెక్కి పెచ్చులూడుతుంది. అప్పటికి మనం డబ్బు తీసుకుని వెళ్ళిపోయి ఉంటాం. ఇది మసిపూసి మారేడుకాయ చెయ్యడమే. చట్టమూ దీన్ని ఒప్పుకోదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షను ప్రకారం, తనకు తెలిసిన ముఖ్యమైన లోపాన్ని, కొనేవాడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేనిదైతే, అమ్మేవాడు వెల్లడించి తీరాలి.

ఇక నాన్నగారి మాట. ముగ్గు పొద్దున్న వేస్తే సాయంత్రానికి చెరిగిపోతుంది. పోయేదే కదా అని మన ఆడవాళ్ళు ఏనాడైనా మానేశారా? కౌలు పొలం ఏడాది తిరిగేసరికి వదిలెయ్యాల్సిందే అయినా, గట్లు వెయ్యకుండా నాన్నగారే ఎన్నడూ ఊరుకోలేదు. మనది కాకుండా పోయే చివరి రోజు దాకా అది మనదే.

మరో సంగతి. పండగపూట ముగ్గులేని వాకిలి మన వైపు చావు ఇంటికి గుర్తు. అప్పు చావు కాదు. వాకిలి బోసిగా ఉంటే కొనేవాడు మన అవసరాన్ని పసిగట్టి బేరం ఇంకా దిగ్గొడతాడు. అంత ఖర్చూ లేదు. పేడతో గొబ్బెమ్మలు, గుమ్మానికి మామిడాకులు, చూరుకి పిచ్చుకల కోసం ఒక వరికంకుల కుచ్చు. ఇవేవీ ఏ లోపాన్నీ దాచవు. ఇంట్లో మనుషులున్నారనీ, తలెత్తుకునే ఉన్నారనీ మాత్రం చెబుతాయి.

"ఆ ముస్తాబు కూడా కొనేవాణ్ణి మురిపించడానికే కదా" అని మిత్రులు కొందరు వాదించారు. మురవనివ్వండి! తోరణం కిందనుంచి లోపలికి పిలిచి, చెమ్మ గోడ మనమే చూపిస్తే అందులో మోసమేముంది?

ఈ సంచిక చదివే పూర్వ విద్యార్థుల్లో పండక్కి ఇల్లు కొనడానికి ఊళ్ళకు వెళ్ళేవారు ఉంటారు. వారికి ఒక్క మనవి. గోడలు తట్టి చూసుకోండి, దూలాలకు చెదలుందేమో చూసుకోండి, ధర గట్టిగా అడగండి. అది మీ హక్కు. కానీ గుమ్మం ముందు ముగ్గు కనిపిస్తే తొక్కకుండా పక్కనుంచి రండి. ఆ ఇంటివాళ్ళు ఇల్లు అమ్ముతున్నారు గాని, పండగను అమ్మడం లేదు.

— ద్వితీయ బి.ఎస్సీ. విద్యార్థి