గృహిణీగోష్ఠి: అన్నిటికిని ఒకే అమరిక



మన కూతుండ్రును కోడండ్రును పలువురు నేడు క్లౌడు పనులయందు నియుక్తలై యున్నారు. వారికిని, క్రొత్తగా నీ విద్య నభ్యసించువారికిని ఉపకరించునని, అమెజాన్ వెబ్ సర్వీసెస్ వారి జావాస్క్రిప్టు ఎస్‌డీకేయందలి సర్వసాధారణపు అమరికలను గూర్చి ఈ మాసము వ్రాయుచున్నాను.

ఎస్‌డీకే యనగా, మన ప్రోగ్రాము దూరమున నున్న కంప్యూటర్లతో మాటాడుటకు వలయు పరికరముల మూట. దాని రెండవ వర్షనునందు "ఏడబ్ల్యుఎస్.కాన్ఫిగ్" అను వస్తువు కలదు. ఏ రీజియను, అనగా ఏ ప్రాంతపు కంప్యూటర్లను పిలువవలెను, ఏ తాళపుచెవులు చూపవలెను, పని కానిచో నెన్నిసార్లు మరల యత్నింపవలెను అను సంగతులను అందొక్కసారి వ్రాసిన చాలును. పిమ్మట ఏ సేవకై వస్తువును కల్పించినను ఆ నియమములే దానికి చెల్లును.

"పిమ్మట" అను మాటను గమనింపుడు. అధికారసూత్రము తన తరువాతి సూత్రములకే గాని ముందరివానికి వర్తింపదు గదా! ఇదియు నట్లే. ముంబయి యని వ్రాసియుండగా డైనమోడీబీ యను పట్టికల సేవకు వస్తువును కల్పించి, ఆ తరువాత అమరికను హైదరాబాదని మార్చితిమేని, ముందు కల్పించిన వస్తువు ముంబయినే పిలుచుచుండును. పట్టిక హైదరాబాదునం దున్నయెడల, అట్టి పట్టిక లేదని బదులు వచ్చును. తన నెలల శ్రమ యంతయు నశించెనని పిల్ల కంట నీరు పెట్టుకొనును. పోయిన దేమియు లేదు, వెదకిన చోటు వేఱు. కావున అమరికను ప్రోగ్రాము మొదటనే వ్రాయవలెను. ఒక్క సేవకు మాత్రము వేఱు ప్రాంతము కావలసినచో దానిని కల్పించునపుడే చెప్పవచ్చును. ఉత్సర్గమును అపవాదము బాధించునట్లు, ఆ విశేషనియమమే నెగ్గును.

ముంబయి ప్రాంతము 2016నాటిది. హైదరాబాదుది 2022 నవంబరున తెఱవబడినది. హైదరాబాదు ప్రాంతమును ఖాతాయందు మనమే ముందుగా అనుమతించుకొనవలెను. ఊరక పేరు వ్రాసిన పని జరుగదు.

తాళపుచెవులను కోడునందే వ్రాయుట నాకు బొత్తిగా సమ్మతము గాదు. బీరువా తాళపుచెవిని బీరువాకే వ్రేలగట్టిన ఇల్లాలిని మన మేమందుము? కోడు పదుగురి చేతులలో పడును. అందఱికి కనబడు చోట నుంచిన, అట్టి చెవులను వెదకి పట్టు ప్రోగ్రాములు కలవు. వాడుక వారిది, బిల్లు మనది! వానిని క్రెడెన్షియల్సు అను వేఱు ఫైలులోనో, ఎన్విరాన్మెంటు వేరియబుళ్లలోనో దాచిన ఎస్‌డీకే తానే తీసికొనును.

2020 డిసెంబరున వెలువడిన మూడవ వర్షనులో ఈ సర్వసాధారణపు వస్తువే లేదు. ఏ క్లయింటు అమరిక ఆ క్లయింటునకే. రెండవ వర్షను పోషణము 2025 సెప్టెంబరు 8తో ముగిసినది. పని పెరిగెనని విసుగుకొనువారు కలరు గాని, నాకిది మేలనియే తోచుచున్నది. పెద్ద ప్రోగ్రాములో ఎవరో ఎక్కడనో మార్చిన ఒక్క పంక్తి, కనబడకుండ అందఱిని కట్టివేయుట తప్పినది. పాత ప్రోగ్రాములను మార్చువారు అమరికను మొదట నొకచోట వ్రాసికొని, ప్రతి క్లయింటునకును దానినే అందింపవచ్చును. ఒకదానికి మఱచినచో, ఎన్విరాన్మెంటునందు గాని కాన్ఫిగ్ ఫైలునందు గాని ప్రాంతము లేకున్న, రీజియను లేదని ఆ క్లయింటే మొఱపెట్టుకొనును.